సోమవారం పోగొట్టుకున్న బావి

మొన్న ఇంజనీరింగ్ చదివే కుర్రాళ్లు కొందరు కడపలో మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చారు. వాళ్ల కాలేజీలో సభ జరుగుతుందట. రేపటి ఇంజనీర్ల ముందు ప్రపంచం పెట్టబోయే పెద్ద సమస్యలేమిటన్నది విషయం. నన్ను వచ్చి మాట్లాడమన్నారు. అడక్కుండానే వాళ్లకు తోచినవి చెప్పారు కూడా. పెరిగే జనానికి తిండి, ఊరూరికీ కరెంటు, అణువులోంచి శక్తి, చంద్రుడి దాకా పోయే బండి. చెబుతుంటే వాళ్ల ముఖాలు వెలిగిపోయాయి. మా ఆవిడ ఇచ్చిన కాఫీ చల్లారిపోయింది.

నేను రానన్నాను. ముసలాయనకు ఒంట్లో బాగాలేదనుకుని పాపం మెల్లగా వెళ్లిపోయారు. ఒంట్లో నాకు బాగానే ఉంది, మూడు పూటలా తింటున్నాను. బాగాలేనిది మనసు. ఉద్యోగం వదిలి ఇంకా ఏడాది కాలేదు. సభలో నిలబడి ఉన్నమాట చెబితే ఆ పిల్లలు చదువు మానేస్తారేమోనని భయం. లేనిమాట చెప్పడం ఈ వయసులో నేర్చుకోలేను. అందుకని మాట్లాడాల్సింది ఇక్కడ రాస్తున్నాను. ఇష్టమైనవాళ్లు చదువుకోవచ్చు, కష్టమనిపిస్తే పక్కన పెట్టవచ్చు.

ఇంజనీరుగా నేను ఎక్కిన మెట్ల గురించీ, సంతకాలు పెట్టిన ఫైళ్ల గురించీ రాయను. వాటివల్ల నాకే ఏమీ తెలియలేదు, మీకేం తెలుస్తుంది. సర్కారు కొలువులో నేను చూసిన బావులు లెక్కలేనన్ని. వాటిలో ఒక్క బావి గురించి చెబుతాను. వేంపల్లె దగ్గర ఒక పల్లెలో ఉంది. ఉంది అనాలో, ఉండేది అనాలో తెలియడం లేదు.

కపిల

ఈ పదేళ్ల మొదట్లో మన సీమలో కరువొచ్చి గంజి కేంద్రాలు పెట్టారు. మీరప్పుడు పిల్లలు. చెంబులు పట్టుకుని వరసలో నిలబడ్డవాళ్లలో నిన్నటిదాకా పదిమందికి అన్నం పెట్టిన రైతులున్నారు. వాళ్లు తల వంచుకుని గంజి పోయించుకుంటుంటే చూసినవాడెవడూ తర్వాత ప్రశాంతంగా ఉద్యోగం చేయలేడు. మా పై అధికారి శేషగిరిరావుగారు అసలే చేయలేకపోయారు.

ఆయన సర్కారు జిల్లాల మనిషి. గోదావరి కాలువ గట్టున పెరిగినవాడు. మొదట్లో మా రాజంపేట యాస విని నవ్వేవారు, నేను ఆయన పప్పులో బెల్లం చూసి నవ్వేవాణ్ని. కోపం ముక్కు మీద ఉండేది. కింది ఉద్యోగి జ్వరమని సెలవు అడిగితే తిట్టి, సాయంత్రం తనే మందు తీసుకుని వాడింటికి పోయేవారు. అలాంటి మనిషిని మళ్లీ చూడలేదు. ఇది ముందుగానే చెబుతున్నాను, ఎందుకంటే తర్వాత జరిగింది చదివి ఆయన్ని తప్పుపట్టాలని మీకనిపిస్తుంది.

కరువు ఏడాది మేమిద్దరం జీపులో పోతూ వేంపల్లె దాటాక ఒక కపిల బావి దగ్గర ఆగాం. ఎద్దుల జత తాడు లాక్కుంటూ పల్లపు బాటలో కిందికి దిగుతుంది. తోలు బాన నిండా నీళ్లు పైకి వచ్చి కాలువలో పడతాయి. మళ్లీ ఆ ఎద్దులే వెనక్కి అడుగులేసుకుంటూ పైకి ఎక్కాలి. పొద్దు పొడిచింది మొదలు అదే పని. ఒక ఎద్దు మెడ మీద పుండు పడి ఈగలు ముసురుతున్నాయి. తోలే రైతు గంగిరెడ్డి, నా ఈడువాడే, ఆ పుండుకు పసుపూ ఆముదమూ రాస్తున్నాడు.

శేషగిరిరావుగారు చాలాసేపు చూశారు. "బతుకంతా వెనక్కి నడిచే పశువును ఇక్కడే చూశానయ్యా" అన్నారు. ఆ మాట నాకు చెప్పారో, తనకే చెప్పుకున్నారో.

"దినామూ ఇంతేనా రెడ్డీ?" అని గంగిరెడ్డిని అడిగాను.

"సోమారం ఉండదు సార్. సోమారం బసవన్న దినం గదా. ఆ దినం ఎద్దు మెడ మీద కాడి పెట్టం. ఎవురి కపిలైనా సరే, సోమారం తోలేదే లేదు."

ఈ సోమవారం సంగతి సీమలో పుట్టిన ప్రతివాడికీ తెలుసు కాబట్టి నేను పట్టించుకోలేదు. శేషగిరిరావుగారికి కొత్త కాబట్టి ముచ్చటపడ్డారు. పశువుకు వారానికొక సెలవు ఇచ్చే ఊరు మంచి ఊరే అన్నారు. ఆ సెలవు ఎద్దుకు మాత్రమే కాదని అక్కడున్న ఎవరికీ, ఆయనకూ నాకూ గంగిరెడ్డికీ కూడా, తట్టలేదు.

వంతు

ఆ బావి నాలుగు ఇళ్లవాళ్ల ఉమ్మడి ఆస్తి. అందరూ దాయాదులు. ఒకే తాత తవ్వించిన బావిలో నాలుగు భాగాలు. పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా ఒకరి వంతు, మధ్యాహ్నం నుంచి పొద్దు గూకేదాకా ఇంకొకరి వంతు. మరునాడు మిగిలిన ఇద్దరివి. సోమవారం ఎవరిదీ కాదు. వంతు ఉన్నంతసేపూ ఎన్ని నీళ్లు తోడుకున్నా ఎవరూ ఎందుకని అడగరు. అడగడం అమర్యాద. ఇంటికి వచ్చిన చుట్టాన్ని ఎన్ని ముద్దలు తిన్నావని అడిగినంత అమర్యాద.

ఈ కట్టుబాటు ఎన్ని తరాలదో వాళ్లకే తెలియదు. ఈ పద్ధతి మీద వాళ్లకు గర్వం కూడా ఉండేది. అన్నదమ్ములు విడిపోయారు, ఇళ్ల మధ్య గోడలు లేచాయి, పెళ్లిళ్లకు పిలుపులు ఆగిపోయాయి, బావి వంతు మాత్రం తప్పలేదు. గంగిరెడ్డి చిన్నాయన కొడుకు చిన్నపరెడ్డికీ ఇతనికీ మాటలు లేవు. అయినా మధ్యాహ్నం కాగానే గంగిరెడ్డి ఎద్దులు విప్పేవాడు, చిన్నపరెడ్డి తన ఎద్దులు కట్టేవాడు. ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండానే పని జరిగిపోయేది.

నీళ్లను గడియారంతో పంచుకోవచ్చునని వాళ్లు నమ్మారు. నేనూ నమ్మాను. ఎద్దు అలసిపోతుంది కాబట్టే ఆ పంపకం నిలబడిందన్న సంగతి ఎద్దు ఉన్నంతకాలం ఎవరికీ కనబడలేదు.

ఇంజన్ దిగిన రోజు

కరువు తర్వాత సర్కారు పథకం కింద ఆయిలు ఇంజన్లు వచ్చాయి. శేషగిరిరావుగారు పట్టుబట్టి మొదటి విడతలోనే ఆ బావికి ఒకటి ఇప్పించారు. ఎడ్లబండి మీద ఇంజన్ వచ్చింది. ఊరి పొలిమేరలోనే టెంకాయ కొట్టి, పసుపూ కుంకుమా పెట్టి, దండ వేశారు. గంగిరెడ్డి భార్య సుబ్బమ్మ ఇంజన్‌కు హారతి ఇచ్చి, తర్వాత కొట్టంలోకి పోయి మెడ పుండున్న ఎద్దుకు కూడా ఇచ్చింది. "ఇంగ నీకు సాలు నాయనా, ఇంగ పండుకో" అని ఆ ఎద్దు నొసలు నిమురుతూ ఏడ్చింది. ఆమెను చూసి మా శేషగిరిరావుగారు కళ్లజోడు తుడుచుకున్నారు.

ఇంజన్ తిరిగింది. తుక్ తుక్ మని ఊరంతా వినబడింది. పైపులోంచి నీళ్లు తొడ లావున పడ్డాయి. పిల్లలు బట్టలతోనే దూకారు. కపిల ఒక పూటంతా తోడే నీళ్లు కాసేపట్లో కాలువలోకి వచ్చాయి. నా ఉద్యోగంలో నేను నిజంగా సంతోషపడ్డ రోజు అదే.

కొన్నాళ్లకు గంగిరెడ్డి కపిల ఎద్దుల్ని మా రాజంపేట వైపువాళ్లకు అమ్మేశాడు. తోలు బానను కొట్టంలో తగిలించాడు, ఎలుకలు కొరికేశాయి. అంతవరకూ బావి కింద రాగి, ఎర్ర ఉల్లిగడ్డలు పండించేవాడు. ఇప్పుడు నీళ్లు మిగులుతున్నాయి కాబట్టి చేను చుట్టూ ఉన్న మెట్టను చదును చేసి చీనీ అంట్లు, అదే బత్తాయి, పెట్టాడు. చీనీ చెట్టు కాపుకు రావాలంటే ఐదారేళ్లు సాకాలి. ఒక్క వేసవి నీళ్లు తప్పినా అంతవరకూ చేసిన చాకిరీ మట్టిలో కలిసిపోతుంది. రాగి ఎండితే ఒక పంట పోతుంది. చెట్టు అలా కాదు. ఈ సంగతి అతనికి తెలుసు. తెలిసే పెట్టాడు, ఎందుకంటే ఇంజన్ ఉంది.

"పిల్లల మాదిరి సార్" అన్నాడు నాతో, మోకాలెత్తు లేని అంట్లను చూపిస్తూ. "ఇంగ గంజి కోసం ఎవురి కాడా చెంబు పట్టేది లేదు."

సోమవారం ఎవరిది

మిగిలిన ముగ్గురూ చీనీ పెట్టారు. వంతులు పాతవే. పొద్దున వంతువాడు ఇంజన్ వేసుకుంటే మధ్యాహ్నానికి బావి అడుగు కనబడటం మొదలైంది. మధ్యాహ్నం వంతువాడికి బురద. పొద్దున వంతువాడు చేసిన తప్పేమీ లేదు. తన వంతులో తోడుకున్నాడు, ఎంత అని అడగకూడదు.

ఒక సోమవారం ఇంజన్ చప్పుడు వినబడింది. అందరూ పరుగెత్తారు. చిన్నపరెడ్డి ఇంజన్ వేసి పాదులకు నీళ్లు కడుతున్నాడు. నిన్న తన వంతుకు బురదొచ్చిందని, ఆ కొరత ఇవాళ తీర్చుకుంటున్నాడు.

"సోమారం తోలతావా!" అని అరిచాడు గంగిరెడ్డి. ఎన్నో ఏళ్ల తర్వాత వాళ్లిద్దరి మధ్య అదే మొదటి మాట.

"ఏం తోల్నాను? ఎద్దు యాడుండాది? చూపించు" అన్నాడు చిన్నపరెడ్డి. "బసవన్నకు అపచారమైతే నేను చూసుకుంటా. ఇంజన్‌కు సోమారమేంది?"

గుళ్లో పూజారినడిగితే ఇనుముకు వారం వర్జ్యం ఉన్నట్టు ఎక్కడా లేదన్నాడు. పంచాయతీ బావి గట్టు మీదే కూర్చుంది. తనిఖీకి పోయి నేనూ అక్కడే ఉన్నాను. పొద్దున మొదలై ఎండ నెత్తి మీదికి వచ్చేదాకా కొట్లాడుకుని, చివరికి అందరూ ఒప్పుకునే తీర్పు ఒకటి చేశారు. సోమవారాన్ని కూడా వంతులోకి తేవాలి. వారానికొక ఇంటికి తిరగాలి. ఎవరికీ ఎక్కువ లేదు, తక్కువ లేదు. తీర్పు అయ్యాక గంగిరెడ్డి, చిన్నపరెడ్డి ఒకే చెంబులో మజ్జిగ తాగారు. పగ పోయిందని ఆడవాళ్లు సంతోషపడ్డారు. అంత న్యాయంగా జరిగిన పంచాయతీని నేను మళ్లీ చూడలేదు.

అప్పటికి మన రాజధాని కర్నూలు. ఆఫీసులు గుడారాల్లో. ఎండాకాలం ఆ గుడారంలో కూర్చుంటే బుర్ర ఉడికిపోయేది. ఈ పంచాయతీ సంగతి చెప్పినప్పుడు శేషగిరిరావుగారు బల్ల మీద చరిచి, "చూశావటయ్యా, యంత్రం వస్తే మనుషులు కొట్టుకుంటారన్నారు. కలిశారు!" అన్నారు.

కలిశారు, నిజమే. బావికి మాత్రం వారంలో ఊపిరి పీల్చుకునే ఒక్క రోజూ లేకుండా పోయింది.

నిండిన బావి

ఇంజన్ క్రూడాయిలుతో నడుస్తుంది. ఆ నూనె సముద్రం అవతలి నుంచి ఓడల్లో వస్తుంది. ఒక వేసవిలో ఎక్కడో ఏదో గొడవై ఓడలు ఆలస్యమయ్యాయి. కడపలో డ్రమ్ములు ఖాళీ. వేంపల్లెలో ఇంజన్లు ఆగిపోయాయి. ఆ పల్లెలో ఎవరూ సముద్రం చూసి ఎరగరు. అవతలి ఒడ్డున ఎవరితో ఎవరికి తగువో తెలియదు. చీనీ ఆకులు మాత్రం ముడుచుకుంటున్నాయి.

నేను పోయేసరికి బావి నిండుగా ఉంది. చాలా రోజులు ఎవరూ తోడలేదు కదా, పాత కాలంలోలాగా మెట్ల మీదికి వచ్చింది. నీళ్లు తొణుకుతున్నాయి, ఎద్దులు లేవు, బాన లేదు, నూనె లేదు. సుబ్బమ్మా, గంగిరెడ్డీ మెట్లు దిగి కడవలతో నీళ్లు మోసి ఒక్కొక్క పాదులో పోస్తున్నారు.

"చూడు సార్ అన్యాయం" అంది ఆమె. "ఇన్ని నీళ్లు పెట్టుకోని చెట్లు సంపుకుంటాండాం. ఊరికే నిలబడిపోయిండాయి నీళ్లు, ఎవురికీ పనికిరాకుండా."

ఆ బావి ఊరికే నిలబడలేదు, కోలుకుంటోంది. ఆ తేడా నాకప్పుడు తెలిసి ఉంటే చెప్పేవాడినా? ఆకులు ముడుచుకుంటున్న చెట్టు ముందు నిలబడి, బావికి విశ్రాంతి ఇవ్వండమ్మా అని ఆమెతో చెప్పగల ఇంజనీరు ఎవడు? మేం చేయగలిగిందే చేశాం. పై అధికారుల కాళ్లావేళ్లా పడి ఒక డ్రమ్ము నూనె సంపాదించి పంపాం. ఊరంతా దీవించింది. వారం తిరగకుండా బావి మళ్లీ అడుగంటింది.

లోతు

నీళ్లు తగ్గితే లోతు పెంచడం. మా శాఖకు తెలిసిన జవాబు అదొక్కటే. రాతి పొరకు తమర్లతో బొక్కలు వేసి, మందు కూరి పేల్చారు. నాపరాయి పగిలి, ఒక నెర్రెలోంచి నీళ్లు చిమ్మాయి. మళ్లీ టెంకాయలు, మళ్లీ హారతి. చుట్టుపక్కల బావులు అప్పుడే తగ్గాయి. వాళ్లూ మా దగ్గరికే వచ్చారు. వాళ్లకూ లోతు పెంచాం. అప్పుడు గంగిరెడ్డివాళ్ల బావి తగ్గింది.

కర్నూలు పోయి శేషగిరిరావుగారికి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన అప్పటికి బాగా నీరసపడ్డారు, సొంత ఊరికి బదిలీ అడుగుతున్నారు. నేను చెప్పేదంతా విని కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"ఆ రోజు నేను ఎద్దు మెడే చూశానయ్యా. బావిని చూడలేదు" అన్నారు. "కానీ ఇప్పుడు తెలిశాక కూడా ఆ పుండు మెడ మీద మళ్లీ కాడి పెట్టమని నా నోటితో చెప్పలేను. నువ్వు చెప్పగలవా?"

నేనూ చెప్పలేను. మీరూ చెప్పలేరు. మా దిగులంతా ఇక్కడే ఉంది. ఎవడో ఒక దుర్మార్గుడో, లంచగొండో, తెలివితక్కువవాడో ఈ కథలో ఉండి ఉంటే నాకు హాయిగా నిద్రపట్టేది. వాణ్ని తీసేస్తే సరిపోతుందని మీకు చెప్పేవాణ్ని. ఇంజన్ బాగా పనిచేసింది. అధికారి జాలిగలవాడు. రైతులు న్యాయంగా పంచుకున్నారు. పంచాయతీ పగ పోగొట్టింది. ఇంతమంది మంచివాళ్లు కలిసి తలా ఒక మంచి పని చేస్తే బావి ఎండింది.

పూత

చీనీ చెట్లు మొదటిసారి పూతకు వచ్చాయి. ఆ వాసన దారిన పోయేవాళ్లను ఆపేది. పూత వచ్చిన వేసవిలోనే బావిలో ఇంజన్ కాసేపు తిరిగేసరికి గాలి పీల్చడం మొదలైంది.

చెట్లన్నిటికీ చాలే నీళ్లు లేవు. అన్నిటికీ కొంచెం కొంచెం పోస్తే అన్నీ పోతాయి. సగం చెట్లను వదిలేసుకుంటే మిగిలిన సగం నిలబడవచ్చు. ఏ సగమో గంగిరెడ్డే తేల్చుకోవాలి. వరసల మధ్య తిరిగాడు. ఒక చెట్టు దగ్గర ఆగేవాడు, దాన్ని దాటి పోయేవాడు, మళ్లీ వెనక్కి వచ్చేవాడు. చివరికి పడమటి వైపు వరసలకు నీళ్లు పోకుండా మడవ కట్టేశాడు. సుబ్బమ్మ ఆ వైపు చూడలేక పుట్టింటికి పోయి, చెట్లు నరికేశాక వచ్చింది. పూతతో ఉన్న చెట్టును నరికితే పచ్చి కట్టె చాలా రోజులు పొగ చిమ్ముతుంది. ఆ ఏడాది వాళ్ల పొయ్యిలో అదే మండింది. నేనొక పూట వాళ్లింట్లో తిన్నాను. సంగటి ఆ పొగ వాసనే వేసింది.

మిగిలిన సగాన్ని కాపాడుకోవడానికి నాలుగిళ్లవాళ్లూ మళ్లీ బావి గట్టు మీద కూర్చున్నారు. ఈసారి ఎవరూ అరవలేదు. పాత రోజుల్లో ఏముండేది, ఇప్పుడేం లేదు అని ఆలోచించుకుంటూ పోతే అందరికీ ఒకే మాట తగిలింది. సోమవారం. ఇంజన్‌కు కాకపోయినా బావికి ఆ సెలవు తిరిగి ఇద్దామనుకున్నారు. చిన్నపరెడ్డే ముందుగా ఒప్పుకున్నాడు. సోమవారం ఇంజన్ మీద గోనెపట్టా కప్పి, దాని మీద ఒక పసుపు కొమ్ము పెట్టారు. సగం ఎండిన తోటల మధ్య నలుగురు రైతులు తమ కడుపు తాము కట్టుకుని బావికి ఒక రోజు వదిలేయడం చూసి, నాకు చాలా ఏళ్ల తర్వాత ఆశ కలిగింది. దీన్ని నలుగురికీ చెప్పాలి, ప్రతి ఊళ్లో ఇలా చేయించాలి అని జీపులో తిరిగి వస్తూ లెక్కలు వేసుకున్నాను.

గట్టు అవతల

పదవి విరమించే ముందు ఆఖరిసారి ఆ పల్లెకు పోయాను. కావాలనే సోమవారం పోయాను. ఇంజన్ మీద గోనెపట్టా ఉంది. బావిలో నీళ్లు ఊరలేదు, మునుపటికంటే ఒక చెయ్యి కిందికి పోయాయి. గంగిరెడ్డి గట్టు మీద కూర్చుని ఉన్నాడు. తూర్పు గట్టు అవతలి నుంచి తుక్ తుక్ మని ఇంజన్ చప్పుడు వస్తోంది.

అది నారాయణ బావి. గంగిరెడ్డి చీనీ పెట్టిన మరుసటి ఏడాది తవ్వింది. అతనూ గంజి కేంద్రంలో చెంబు పట్టినవాడే. రెండు బావుల మధ్య ఉండాల్సినంత దూరం ఉందని భూమి మీద టేపు పెట్టి కొలిచి, మా శాఖే అనుమతి ఇచ్చింది. భూమి కింద టేపు పెట్టడం మాకెవరికీ రాదు.

గట్టు దాటి పోయాను. నారాయణ చీనీ తోట పూత మీద ఉంది. నన్ను చూసి సంతోషంగా ఎదురొచ్చాడు, మోకాళ్ల దాకా బురద.

"రాండి సార్, రాండి. మీ పుణ్యమా అని నీళ్లు బాగుండాయి" అన్నాడు. "తక్కిన దినాలు అంతంతే గానీ, సోమారం మాత్రం మా బావికి శానా బాగా ఊర్తాది సార్. శివయ్య చల్లగా చూస్తాండాడు."

తిరిగి గట్టెక్కి వస్తే గంగిరెడ్డి నా ముఖం చూశాడు.

"ఏమన్నాడు సార్?"

"సోమవారం వాళ్ల బావికి బాగా ఊరుతోందంట."

"ఊరదా మరి" అన్నాడు మెల్లగా.

"పోయి ఉన్నమాట చెప్పమంటావా రెడ్డీ? ఒక్క సోమవారం ఆపమని అడుగుతాను."

"వద్దు సార్. వాని చెట్లు పూత మీదుండాయి. ఇప్పుడు తడి ఆపితే పూతంతా రాల్తాది. నేను నరుక్కున్న్యా, సరే. ఇంగొకాయన్ని ఆ పాటు పడమని ఏ నోటితో చెప్పేది?" అన్నాడు. కాసేపు ఆ చప్పుడు విన్నాడు. "పోనీ నారాయణ ఆపినాడే అనుకోండి. వాని అవతల ఇంగొకడుండాడు. వాని అవతల ఇంగొకడు. ఈ నీళ్లు భూమి కింద యాడిదాకా ఉండాయో చెప్పండి సార్. ఆడిదాకా నడిచి పోతా. ఒక్కొక్కరి కాళ్లు పట్టుకోనైనా సోమారం ఆపిస్తా. యాడిదాకా పోవల్ల?"

నా కొలువంతటిలో నన్ను అడిగిన అసలైన ప్రశ్న అదొక్కటే. మిగిలినవన్నీ పంపు ఎంత, పైపు ఎంత అనేవే. నాకు తెలియదు రెడ్డీ అన్నాను. అతను తల ఊపాడు, కోపం లేదు. లేచి పోయి ఇంజన్ మీద గోనెపట్టా తీసి మడిచి, ఆ పసుపు కొమ్మును పైపంచె కొంగులో ముడి వేసుకున్నాడు. ఆ సాయంత్రమే వాళ్లూ ఇంజన్ వేశారని తర్వాత తెలిసింది. ఎవరైనా ఏం చేస్తారు. వాళ్ల సగం చెట్లు ఇంకా బతికే ఉన్నాయి.

ఇప్పుడు కరెంటు స్తంభాలు వేంపల్లె దాటాయట. ఇక నూనె ఓడల బెడద ఉండదు, పగలూ రాత్రీ మోటార్లు తిరుగుతాయని మా తర్వాత వచ్చిన ఇంజనీరు ఉత్సాహంగా ఉత్తరం రాశాడు. అతనూ మంచివాడే. ఇది ఒక్క వేంపల్లె సంగతి కాదు. ఎండ కాసే చోటల్లా, చెట్టు పెట్టిన మనిషి ఉన్న చోటల్లా, గట్టు అవతల ఇంకొక మంచివాడు ఉంటాడు.

కాబట్టి బాబూ, మీ సభలో చంద్రుడి గురించీ అణువు గురించీ మాట్లాడుకోండి, వద్దనను. అదయ్యాక మీలో ఎవరికైనా గంగిరెడ్డి ప్రశ్నకు జవాబు తెలిస్తే నాకు చెప్పొద్దు, నాకిక అవసరం లేదు. తిన్నగా వేంపల్లె పోయి అతనికే చెప్పండి. సోమవారం పోయేటట్టయితే మాత్రం గొంతు పెంచి చెప్పండి. గట్టుకు ఇటూ అటూ ఇంజన్లు తిరుగుతుంటాయి, మెల్లగా చెబితే వినబడదు.